కుండీ మొక్కలు, పెరటి చెట్లు: తుఫాన్లు వచ్చే మన ఊళ్లలో కొమ్మలు ఎలా కత్తిరించాలి, ఎప్పుడు కత్తిరించాలి

దక్షిణ ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు మన తెలుగువాళ్ల ఇళ్లల్లో ఎంత చిన్న జాగా ఉన్నా ఒక మందారం, ఒక నందివర్ధనం, నూతి పక్కన దేవగన్నేరో పారిజాతమో ఉండాల్సిందే. జాగా లేనివాళ్లు మేడ మీద కుండీల్లో పెంచుతారు. నీళ్లు పోస్తారు, పేడ ఎరువు వేస్తారు, పురుగు పడితే వేపనూనె కొడతారు. కత్తిరించడం దగ్గరికి వచ్చేసరికి మాత్రం, అయితే ఏళ్ల తరబడి ముట్టుకోరు, లేదంటే తుఫాను కబురు టీవీలో రాగానే కత్తి పట్టుకున్న మనిషిని పిలిచి చెట్టు తల నరికించేస్తారు. ఈ రెండోది మొదటిదానికంటే ఎక్కువ నష్టం చేస్తుంది. ఎందుకో చెబుతాను, ఎందుకంటే ఇది అర్థమైతే మిగతా పద్ధతి అంతా దానంతట అదే అర్థమవుతుంది.

చెట్టు తల మొత్తం ఒక ఎత్తులో అడ్డంగా కొట్టేస్తే, ఆ మోడుల చివరల నుంచి రెండు మూడు నెలల్లో గుంపులు గుంపులుగా కొత్త రెమ్మలు లేస్తాయి. చూడ్డానికి పచ్చగా, ఏపుగా ఉంటాయి. కానీ మామూలు కొమ్మ ఏటేటా కాండంతో పాటు పెరుగుతూ దాని చెక్కలో లోతుగా పాతుకుని ఉంటుంది, ఈ రెమ్మలు మాత్రం మోడు పైపొరకే అతుక్కుని ఉంటాయి. కింద మోడు చివర ఎండి కుళ్లుతుంటే పైన రెమ్మలు బరువెక్కుతుంటాయి. రెండు మూడేళ్లు గడిచి పెద్ద గాలి వస్తే ఊడిపడేవి అవే. అంటే తుఫానుకి భయపడి చేసిన పని వచ్చే తుఫానుకి ఇంకా పెద్ద ప్రమాదం తయారు చేస్తుంది.

మనకి తుఫాన్లు ఎప్పుడు వస్తాయో గుర్తుచేసుకోండి. 1999లో బరంపురాన్ని కొట్టింది అక్టోబరు 17న, ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది 2013 అక్టోబరు 12న, తిత్లీ పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లాని అతలాకుతలం చేసింది 2018 అక్టోబరు 11న. అన్నీ అక్టోబరే. కాబట్టి పెరట్లో పెద్ద చెట్ల పని అక్టోబరు నుంచి వెనక్కి లెక్కేసుకోవాలి: అసలు కత్తిరింపు ఫిబ్రవరిలో, చిన్న సర్దుబాటు వానలు కాస్త తెరిపి ఇచ్చిన సెప్టెంబరులో. తుఫాను రేపనగా ఎవరూ చెట్టెక్కకూడదు.

ముందు పనిముట్లు

కుండీ మొక్కలకి ఒక మంచి సికేచర్, అంటే కొమ్మలు కోసే కత్తెర, చాలు. రెండు రెక్కలు ఒకదాని పక్కగా ఒకటి జారేది కొనండి, కత్తి వచ్చి బల్లమీద నొక్కినట్టు పడేది వద్దు, అది పచ్చి కొమ్మని నలిపేస్తుంది. బొటనవేలికంటే లావైన కొమ్మకి సికేచర్ వాడకండి, మడత రంపం వాడండి. చాలా ఇళ్లల్లో కొడవలితోనో కూరగాయల కత్తితోనో పని కానిచ్చేస్తారు. కొడవలి లాగితే బెరడు కూడా చీరుకుంటూ వస్తుంది, ఆ చీలికలో వాననీరు నిలుస్తుంది, మన దగ్గర జూన్ నుంచి నాలుగు నెలలు తడే కదా, బూజుకి అంతకంటే ఏం కావాలి.

ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకి వెళ్లేముందు రెక్కల్ని స్పిరిట్‌లో ముంచిన గుడ్డతో తుడవండి. మెడికల్ షాపులో దొరికే మామూలు స్పిరిటే. మందారానికి పిండినల్లి ఉంటే ఇది తప్పనిసరి, లేకపోతే మీ చేత్తో మీరే మిగతా కుండీలన్నిటికీ అంటిస్తారు.

ఎక్కడ కోయాలి

ఈ వ్యాసంలో ఒక్క భాగమే చదివే ఓపిక ఉంటే ఇదే చదవండి.

సన్న రెమ్మ అయితే: కణుపు దగ్గర చిన్న మొగ్గ, మనవాళ్లు కన్ను అంటారు, అది కనిపిస్తుంది. అది మొక్క బయటివైపు చూస్తున్న కన్ను అయి ఉండాలి. దానికి అర సెంటీమీటరు పైన, నీళ్లు కన్ను మీదకి కాకుండా అవతలి పక్కకి జారిపోయేలా కొంచెం ఏటవాలుగా కత్తిరించండి. లోపలివైపు చూస్తున్న కన్ను పైన కోస్తే కొత్త కొమ్మ మొక్క మధ్యలోకి పెరిగి మళ్లీ గుబురు చేస్తుంది. కన్నుకి రెండు మూడు అంగుళాలు పైన కోస్తే ఆ మిగిలిన ముక్క ఎండి, ఎండు కిందకి దిగుతుంది. కన్నుని ఆనుకుని కోస్తే కన్నే చస్తుంది.

కొన తుంచగానే కింద రెండు మూడు కళ్లు ఎందుకు మేలుకుంటాయంటే, కొనలో ఆక్సిన్ అనే హార్మోను తయారై కిందకి దిగుతూ పక్క మొగ్గల్ని లేవనివ్వదు. కొన పోతే ఆ అడ్డు పోతుంది. మొక్క గుబురుగా రావాలంటే తొలి ఏడాది నుంచే కొనలు తుంచమని చెప్పేది అందుకే. దీనికి కత్తెర కూడా అక్కర్లేదు, గోళ్లతో గిల్లేయొచ్చు.

లావు కొమ్మ అయితే: కొమ్మ కాండాన్ని కలిసేచోట జాగ్రత్తగా చూడండి, మొదట్లో కొంచెం ఉబ్బెత్తుగా, పై వైపు ముడతలు పడిన బెరడుతో ఒక పట్టీలాంటిది ఉంటుంది. ఆ ఉబ్బుని ముట్టుకోకూడదు. దానికి సరిగ్గా బయట కోయాలి. చెట్టు కోత పడ్డ చెక్కని బాగు చేసుకోలేదు, దాని చుట్టూ లోపల గోడ కట్టుకుని కుళ్లు వ్యాపించకుండా ఆపుతుంది, బయట కొత్త చెక్క అంచుల నుంచి పెరుగుతూ వచ్చి మూసేస్తుంది. ఆ పని చేసే కణజాలం ఉన్నది ఆ ఉబ్బులోనే. అమెరికా అటవీ శాఖలో పనిచేసిన అలెక్స్ షైగో వేల చెట్లని నిలువునా కోసి లోపలి కుళ్లు ఎలా పాకుతుందో చూసి, 1970, 80లలో ఈ సంగతి తేల్చి చెప్పాడు. అంతకుముందు ప్రపంచమంతా కాండానికి సమంగా నున్నగా కోయడమే మంచి పని అనుకునేది. మన దగ్గర చాలామంది మాలీలు ఇప్పటికీ అలాగే కోస్తారు, నున్నగా ఉంటే శుభ్రంగా ఉందని. మీరు పక్కన నిలబడి ఎక్కడ కోయాలో సుద్దతో గీత గీసి చూపించండి. మర్యాదగా చెబితే వింటారు.

బరువైన కొమ్మని ఒక్క దెబ్బలో కోయొద్దు. సగం తెగగానే బరువుకి కిందకి విరిగి, కాండం బెరడుని మూరెడు చీల్చుకుంటూ పోతుంది. కాండానికి అడుగు దూరంలో ముందు కింది వైపు నుంచి మూడోవంతు లోతు కోయండి. తర్వాత అక్కడికి రెండంగుళాలు బయటగా పై నుంచి కోయండి, కొమ్మ శుభ్రంగా తెగి పడుతుంది. చివరికి మిగిలిన మోడుని చేత్తో పట్టుకుని ఉబ్బు బయట కోసేయండి. మూడు కోతలు, ఇంకో ఐదు నిమిషాల పని, అంతే.

ఏది ముందు తీయాలి

కత్తెర పట్టగానే మొదలుపెట్టకండి. నాలుగు పక్కల నుంచీ చెట్టుని చూడండి, గూళ్లున్నాయేమో చూడండి, తేనెపిట్ట గూడు వేలాడుతుంటే ఆ కొమ్మని పిల్లలు ఎగిరేదాకా వదిలేయండి.

ముందు ఎండినవి, పురుగు పట్టినవి, విరిగినవి. గోటితో బెరడు గీకితే లోపల పచ్చగా ఉంటే బతికుంది, గోధుమ రంగులో ఉంటే తీసేయండి. ఆ తర్వాత ఒకదానితో ఒకటి రాసుకునే కొమ్మల్లో బలహీనమైనది. ఆ తర్వాత నిట్టనిలువుగా లేచే నీరుకొమ్మలు. గులాబీ, అంటు మందారం, అంటు కట్టిన అడీనియం అయితే అంటుకి కింద నుంచి వచ్చే పిలకల్ని మొదటే పీకేయాలి, వాటిని ఉంచితే రెండేళ్లకి మీరు కొన్న రకం పోయి కింది మొక్కే మిగులుతుంది.

ఇక్కడితో ఆగి మళ్లీ చూడండి. చాలాసార్లు ఇంకేమీ తీయక్కర్లేదని తెలుస్తుంది. ఎలా చూసినా పెద్ద చెట్టు పచ్చని కొమ్మల్లో నాలుగోవంతుకి మించి ఒక ఏడాదిలో తీయకండి. ఆకే దాని వంట, అది ఎక్కువ పోతే వేరుకి తిండి అందదు.

పెరట్లో చెట్టు విషయంలో గాలి గురించి రెండు మాటలు. ఒకటి, ఇరుకు పంగ. కాండం కింద నుంచే రెండుగా చీలి, రెండూ సమానంగా లావెక్కుతూ పంగ మధ్యలో బెరడు లోపలికి మడత పడి ఉంటే, ఆ చోట చెక్క చెక్కతో అతకలేదన్నమాట. గాలికి చెట్టు నిలువునా చీలేది అక్కడే. మొక్క మణికట్టు లావు ఉన్నప్పుడే ఒకదాన్ని తీసేస్తే సరిపోతుంది, ఇరవై ఏళ్ల చెట్టుకి అదే పని చేయాలంటే చాలా కష్టం. రెండోది, గాలి పోవాలని లోపలి చిన్న రెమ్మలన్నీ గీకేసి కొమ్మ చివర్లో మాత్రమే ఆకు గుబురు వదిలేయడం. ఇది తప్పు. బరువంతా చివరికి చేరి కొమ్మ ఇంకా తేలిగ్గా విరుగుతుంది. బయటి అంచుల్లో అక్కడక్కడ పలచన చేయండి, పొడుగ్గా సాగిన కొమ్మని దానికి పుట్టిన బలమైన పక్కకొమ్మ దాకా వెనక్కి కోయండి, లోపలి రెమ్మల్ని ఉంచండి.

మునగ మాట వేరు, దాని చెక్క పెళుసు. ఇంటి గోడ పక్కన ఉంటే కాయలయ్యాక మూడు నాలుగు అడుగుల ఎత్తుకి కొట్టేయొచ్చు, మళ్లీ వస్తుంది.

ఏ మొక్కకి ఎప్పుడు

మల్లె, గులాబీ తప్ప మిగతావాటికి సూత్రం ఒక్కటే: ఈ ఏడాది వచ్చిన కొత్త రెమ్మ మీద పూసేవాటిని చలి వెళ్లాక, చిగురు రాకముందు కత్తిరించాలి. పూత మీదున్నదాన్ని పూత అయ్యాక కత్తిరించాలి. ఏప్రిల్, మే ఎండల్లో దేన్నీ గట్టిగా కోయకూడదు, అప్పటిదాకా నీడలో ఉన్న బెరడు ఒక్కసారి ఎండకి మాడి పగులుతుంది. తప్పక కోయాల్సి వస్తే బయటపడ్డ కాండానికి సున్నం పూయండి.

మందారం ఫిబ్రవరిలో మూడోవంతు దాకా తీయొచ్చు. నెలన్నర, రెండు నెలల్లో మళ్లీ మొగ్గలొస్తాయి. మన ఇళ్లల్లో అసలు అడ్డంకి ఇక్కడే, అమ్మకి రోజూ పూజకి పూలు కావాలి, అందుకని చెట్టుని ముట్టుకోనివ్వదు. దానికి మంచి ఉపాయం ఉంది, చెట్టులో సగం కొమ్మలు ఇప్పుడు, మిగతా సగం ఆరు వారాలు పోయాక కోయండి. రెండు మూడు మొక్కలుంటే వంతులవారీగా చేయండి. దసరా, కార్తీకం ముందు మందారాన్ని, నందివర్ధనాన్ని గట్టిగా కోయకుండా ఉంటే చాలు, ఇంట్లో గొడవ ఉండదు. నందివర్ధనం, నూరువరహాలు, గోరింట ఓర్పు గల మొక్కలు, ఎప్పుడు కాస్త సర్దినా తట్టుకుంటాయి.

మల్లె గురించి మాత్రం గట్టిగా చెబుతాను, ఎందుకంటే మల్లె పూయడం లేదని బాధపడే పదిమందిలో ఎక్కువమంది దాన్ని ఎప్పుడూ కోయనివాళ్లే. నవంబరు చివర నుంచి నీళ్లు తగ్గించండి. డిసెంబరులో, నేల నుంచి మూరెడు ఎత్తు వదిలి, అంటే ఒకటిన్నర అడుగు, మిగతాదంతా కోసేయండి. మిగిలిన ఆకులు దూసేయండి. మొదట్లో మనసు ఒప్పదు, మొక్క పోయిందేమో అనిపిస్తుంది. పోదు. తర్వాత పశువుల ఎరువు వేసి నీళ్లు మొదలుపెడితే కొత్త రెమ్మలు వస్తాయి, మార్చి నుంచి ఆ రెమ్మల కొసలన్నీ మొగ్గలే.

గులాబీ అక్టోబరు రెండో సగంలో, వానలు పూర్తిగా తగ్గాక. పెన్సిల్ కంటే సన్నని రెమ్మలన్నీ తీసి, బలమైన నాలుగైదు కొమ్మల్ని సగానికి కోయండి. డిసెంబరు మొదటికల్లా పూలు చూస్తారు.

కాగితం పూల చెట్టుకి వేసవి పూత అయిపోయి వానలు మొదలయ్యేటప్పుడు ఒక గట్టి కోత, సెప్టెంబరు చివర కొనలు తుంచడం. వానల్లో అది ఆకు మీద పడుతుంది, పూయదు, టెన్షన్ పడక్కర్లేదు. నీళ్లు తగ్గి ఎండ పెరిగితేనే దానికి పూత. ముళ్లు లోతుగా దిగుతాయి, తోలు గ్లౌజులు లేకుండా చేయి పెట్టకండి, కళ్లకి అద్దాలు కూడా ఉంటే మంచిది.

పారిజాతాన్ని, ఒడియా మాలీలు గంగశివుళి అంటారు, పూలన్నీ రాలిపోయాక ఫిబ్రవరిలో. దేవగన్నేరు, వాళ్ల కాఠచంపా, ఆకు రాల్చి బోడిగా ఉండే జనవరి ఫిబ్రవరుల్లో కోయాలి. దానికి పూగుత్తి కొమ్మ కొసనే వస్తుంది, కోసిన ప్రతిచోటా రెండు మూడు కొసలు పుడతాయి కాబట్టి తెలివిగా కోస్తే రెండేళ్లలో పూలు రెట్టింపవుతాయి.

అడీనియం ఫిబ్రవరి, మార్చిల్లో మాత్రమే. వానాకాలంలో కోస్తే కోసినచోట నుంచి కుళ్లి మొద్దు దాకా మెత్తబడిపోతుంది. కోశాక వారం రోజులు నీళ్లు తగలనివ్వకండి.

కొబ్బరి, ఎరికా పామ్ లాంటివాటికి పూర్తిగా ఎండిన మట్టలు తప్ప ఏమీ తీయకూడదు. మధ్యలో మొవ్వు తెగితే ఒంటి కాండం చెట్టు చచ్చినట్టే, పక్కన ఇంకో కొమ్మ రాదు. కుండీల్లో పెంచే అరౌకేరియాకి కూడా పై కొన ముట్టుకోకండి, ఆ ఆకారం మళ్లీ రాదు.

కోరాపుట్, జయపురం వైపు ఉండేవాళ్లు పైన చెప్పిన ఫిబ్రవరి పనుల్ని నెలాఖరుకి జరపండి. ఆ ఎత్తులో రాత్రిళ్లు చలి ఎక్కువ రోజులుంటుంది, లేత చిగురు చలికి నల్లబడుతుంది.

కుండీలో వేరు కూడా కత్తిరించాలి

పైన ఎంత కోసినా కుండీలో వేరు చుట్టలు చుట్టుకుపోతే మొక్క ముందుకి సాగదు. నీళ్లు పోయగానే కింద నుంచి కారిపోతున్నా, అడుగు రంధ్రంలోంచి వేరు బయటకి వచ్చినా సమయం వచ్చిందని అర్థం. మర్రి జాతికి చెందిన ఫైకస్‌కి వానలు మొదలయ్యాక, మిగతావాటికి ఫిబ్రవరిలో. ముందురోజు నీళ్లు మానేసి, మొక్కని మట్టిగడ్డతో సహా బయటకి తీసి, చుట్టూ, అడుగునా రెండంగుళాల మందం వేరు, మట్టి కలిపి కోసేయండి. లావుగా గుండ్రంగా తిరిగిన వేర్లని విడిగా చూసి తీయండి. కొత్త మట్టి, ఎరువు, కాస్త ఇసుక కలిపి అదే కుండీలో పెట్టేయొచ్చు. వేరు ఎంత తీశారో పైన కూడా సుమారు అంత తగ్గించండి, రెండు వారాలు నీడన ఉంచండి. పూత మీదున్న మొక్కకి ఈ పని పెట్టుకోకండి.

కోశాక

కోతకి పెయింటు, తారు, పేడ, పసుపు ఏవీ పూయక్కర్లేదు. పెయింటు కింద తడి నిలిచి కుళ్లు పెరుగుతుంది. పొడి రోజుల్లో కోతని అలా వదిలేయడమే మేలు. వానల మధ్యలో లావు కొమ్మ విరిగి కోయాల్సి వచ్చినప్పుడు మాత్రం బోర్డో ముద్ద పూయండి, తోటల రైతులు మామిడి, నిమ్మకి వాడేదే. మైలతుత్తం 100 గ్రాములు అర లీటరు నీళ్లలో, సున్నం 100 గ్రాములు ఇంకో అర లీటరులో, విడివిడిగా ప్లాస్టిక్ బకెట్లలో కరిగించి, తర్వాత కలపండి. ఇనప చాకు ఒక నిమిషం ముంచి తీస్తే ఎర్రటి పూత పడితే ఇంకొంచెం సున్నం కావాలి. ఆ రోజే వాడేయాలి, మర్నాటికి పనికిరాదు.

ఆకు తగ్గింది కాబట్టి నీళ్లు కూడా తగ్గించండి. ఎరువు కొత్త చిగురు కనపడ్డాకే, కోసిన రోజే యూరియా వేస్తే మెత్తటి రెమ్మలు లేచి పిండినల్లికి విందవుతుంది. మల్లెకి పైన చెప్పిన పశువుల ఎరువు నిదానంగా దిగుతుంది కాబట్టి దానికి ఇబ్బంది లేదు.

కొమ్మలు కరెంటు తీగకి తగులుతుంటే మీరు చేయి పెట్టకండి, మాలీ చేత కూడా పెట్టించకండి, పచ్చి కొమ్మలోంచి కరెంటు పారుతుంది. 1912కి ఫోన్ చేసి లైను ఆపించాకే పని.

దేవగన్నేరు, ఫైకస్, అడీనియం, గన్నేరు, పచ్చగన్నేరు కోస్తే పాలు కారతాయి. ఒంటికి దురద, కంట్లో పడితే మంట, వెంటనే నీళ్లతో బాగా కడగాలి. వీటిలో గన్నేరు, పచ్చగన్నేరు, అడీనియం అసలైన విషాలు, ఆకు, కొమ్మ, గింజ అన్నీ. గన్నేరు కొమ్మల్ని పొయ్యిలోకి గాని, శీతాకాలం చలిమంటలోకి గాని వాడకండి, పొగ కూడా మంచిది కాదు. అన్నిటికంటే ముఖ్యం, దయచేసి వాటిని వీధిలో పారేయకండి. మన ఊళ్లల్లో ఆవులు, మేకలు వీధుల్లోనే తిరుగుతాయి, వాడిన గన్నేరు ఆకు తిని పశువులు చచ్చిపోతాయి. గోతిలో పూడ్చేయండి, లేదా సంచిలో కట్టి మున్సిపాలిటీ బండికి ఇవ్వండి.

దేవగన్నేరు కొమ్మలు మాత్రం దాచుకోండి. అడుగు పొడుగు ముక్కలు చేసి, పాలు ఆరేదాకా వారం పది రోజులు నీడలో పడుకోబెట్టి, ఇసుక ఎక్కువ కలిపిన మట్టిలో నాటి, ఆకు వచ్చేదాకా పొదుపుగా నీళ్లు పోస్తే కొత్త మొక్కలు సిద్ధం. ఫిబ్రవరిలో నాటినవి వానలకల్లా వేరు పట్టేసి ఉంటాయి, అప్పుడు అడిగినవాళ్లకి ఇవ్వొచ్చు.